వెడల్పు టైరు పట్టే ఫ్రేము

మా ఆయన పిరికివాడు. పెళ్లయిన కొత్తలో ఈ మాట ఇంకెవరైనా అంటే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు నేనే అంటాను, ఆయన ముందే అంటాను, ఆయన కూడా కాదనడు. పేరు ఆగయ్య. సూరత్‌లో మగ్గాల కార్ఖానాలో మేస్త్రి. గోడాదరాలో మా తెలంగాణ పద్మశాలీల ఇళ్లు వరసగా ఉన్న గల్లీలో ఒక గది, దాని ముందు పొయ్యికి ఇంత చోటు, మా కాపురం అక్కడే. నేను ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తాను. నాకు నోరు ఎక్కువ, ఆయనకు భయం ఎక్కువ, ఈడూ జోడూ బాగానే కుదిరింది.

ఆ భయం ఊరికే రాలేదు. ఆయన సూరత్ వచ్చిన కొత్తలో పక్క మగ్గం మీద పనిచేసే కుర్రవాడి కన్ను పోయింది. నాడె పెట్టెలో కొంచెం సందు పడిందట. దారం లాక్కుంటూ అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆ సందు వల్ల దారి తప్పి, ఎగిరి వచ్చి అతని కంటికి తగిలింది. అతన్ని ఆసుపత్రికి మోసుకుపోయింది మా ఆయనే. అప్పటి నుంచి ఎక్కడ సందు కనిపించినా ఆయనకు మనసు నిలవదు. మంచం కోడు కింద అట్టముక్క పెడతాడు, కిటికీ రెక్కకు గుడ్డపీలిక చుడతాడు, డబ్బా మూత వదులైతే దారం కడతాడు. మేస్త్రిగా మంచి పేరు రావడానికి కారణం కూడా అదే. ఆయన బిగించిన మగ్గంలో వదులన్నది ఉండదు.

కరోనా మా గల్లీకి రాకముందే ఆయన తలుపు కింద చీర పీలికలు కుక్కాడు. కూరగాయలను ఉప్పునీళ్లలో వేయించి, ఆరబెట్టించి, మళ్లీ కడిగించేవాడు. పైగా ఆయనకు ఏళ్ల నాటి దగ్గు, మగ్గాల దగ్గర దుమ్ము పీల్చి పీల్చి వచ్చినది. గల్లీలో అందరికీ తెలిసిన దగ్గే. అయినా ఆ ఏడు అది వినిపించగానే ఎదురింటి ఎల్లవ్వ కూడా తలుపు వేసుకునేది. ఎవరైనా ఫోను చేసి తనను పట్టిస్తారని ఆయన వణికేవాడు. నేను నవ్వేదాన్ని గానీ, నిజం చెప్పాలంటే నాకూ లోపల దడగానే ఉండేది.

అన్నిటికంటే పెద్ద దడ మా రుచిత గురించి. ఒక్కగానొక్క బిడ్డ. అంతకుముందు ఏడాది బార్డోలీలో ఉండే శివకృష్ణకు ఇచ్చి చేశాం. అల్లుడు అక్కడి చక్కెర మిల్లులో పనిచేస్తాడు, నెమ్మదస్తుడు. రుచిత కడుపుతో ఉంది. మాలో తొలి కాన్పు తల్లిగారింట్లోనే జరగాలి. ఉగాది వెళ్లాక మంచిరోజు చూసి పిల్లను తెచ్చుకుందామనుకున్నాం. ఆ ఉగాది నాడే దేశమంతటికీ తాళం పడింది. దాని అత్తామామలు పెళ్లికని జగిత్యాల వైపు వెళ్లి అక్కడే చిక్కుపడ్డారు. మిల్లు పని ఆగలేదు కాబట్టి పగలంతా పిల్ల ఒక్కతే. ఇక్కడికి తెద్దామంటే గోడాదరాలో రోజూ ఎవరికో ఒకరికి అంటుకుంటోంది. అక్కడే ఉంచుదామంటే చూసే దిక్కు లేదు. నొప్పులు వచ్చిన రోజున మా ఇద్దరిలో ఒకరమైనా దాని పక్కన ఉండాలి, అంతకుమించి నాకేమీ వద్దు. లేచింది మొదలు ఆయన చెవిలో ఇదే పోరు.

"బస్సులు లేవు. ఎట్ల పోవాలె?" అన్నాడు ఒకరోజు.

"నడిసి పో."

"బార్డోలీ అంటే పక్క గల్లీ అనుకున్నవా?"

"అయితే సైకిలు తెచ్చుకో. నన్నేం చెయ్యమంటవ్, ఎత్తుకొని పోవాల్నా?"

కోపంలో అన్న మాట అది. ఆయన దాన్నే పట్టుకున్నాడు.

సూరత్‌లో సైకిలుకు కరువు వస్తుందని ఎవరైనా అనుకుంటారా? వచ్చింది. ఒడిశా వాళ్లు, యూపీ వాళ్లు, మన కరీంనగర్ వైపు వాళ్లు, రైలు దొరకని ప్రతివాడూ ఒక సైకిలు సంపాదించుకుని ఊరిదారి పట్టాడు. వెడల్పు టైర్లు, వెనక క్యారేజీ ఉండే నల్ల సైకిలు ఒక్కటీ మిగల్లేదు. మా సైకిలును ఆయన తమ్ముడు పరమేశ్ తీసుకుపోయాడు. అడిగే తీసుకుపోయాడు, కాదనలేకపోయాం. అదే ఉంటే నేను కూడా వెనక కూర్చుని పోయేదాన్ని. కాన్పు దగ్గరికి మగవాడిని ఒక్కడినే పంపే గతి పట్టేది కాదు.

దొరికేవల్లా ఫ్లాట్లలో పిల్లలు తొక్కి తొక్కి విసుగొచ్చి వదిలేసిన రేసు సైకిళ్లు, గేరు సైకిళ్లు. గేరు సైకిలు ఒకటి అడిగి తెచ్చి తొక్కి చూశాడు. చైను ఒక పళ్లచక్రం మీది నుంచి ఇంకోదాని మీదికి టక్కున దూకగానే ఆయన ముఖంలో నెత్తురు లేదు. దిగి, చేత్తో నడిపించుకుంటూ తీసుకుపోయి ఇచ్చేశాడు.

"దూకేటి చీజు నాకొద్దు," అన్నాడు. "గేరు లేంది కావాలె. ఒక్క చక్రం, ఒక్క చైను."

కానీ కావలసింది అదొక్కటే కాదు. వీధివీధికీ వెదురు కంచెలు కట్టారు, సైకిలును భుజానికెత్తి దాటించాలి, కాబట్టి తేలికగా ఉండాలి. బార్డోలీ హైవే మీద పోలీసులు ఆధార్ కార్డు చూసి, అందులో గోడాదరా అని ఉంటే వెనక్కి తరుముతున్నారు, కాబట్టి చెరకు తోటల పక్కన కాలువ గట్టు మీద పోవాలి. ఆ గట్టు నిండా రాళ్లు, ముళ్లు, సన్న టైరు నిలవదు. అంటే రేసు సైకిలు లాంటి తేలిక ఫ్రేము ఉండాలి, దానికి లావు టైరు పట్టాలి. ముందు చక్రాన్ని పట్టుకునే చిమటా కాళ్ల మధ్య, వెనక కడ్డీల మధ్య, పైన బ్రేకు కింద, అంత చోటు ఉండాలి. రేసు సైకిళ్లలో ఆ చోటు ఉండదు. టైరుకూ ఫ్రేముకూ మధ్య వేలు కూడా పట్టదు. జీవితమంతా సందులు పూడ్చిన మనిషి ఆ వేసవిలో సందు కోసం ఊరంతా తిరిగాడు.

కొలత చూసుకోవడానికి టేపు కూడా తీసుకుపోలేదు. ఇంట్లో ఖాళీ కండె ఒకటి ఉంటే, తనకు కావలసిన టైరు లావు వచ్చేదాకా దాని మీద దారం చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఎక్కడ సైకిలు కనిపించినా ఆ కండెను చిమటా కాళ్ల మధ్య దూర్చి చూస్తాడు. దూరకపోతే తల అడ్డంగా ఊపి వచ్చేస్తాడు. మూసిన దుకాణాల వెనక, పాతసామాను కొట్ల దగ్గర, మూతికి రెండు మాస్కులు కట్టుకుని, ఎవరికీ చెయ్యి తగలకుండా పక్కకు పక్కకు తప్పుకుంటూ తిరిగేవాడు. ఇంటికి వచ్చాక బయటే స్నానం. "ఎందుకట్ల భయపడుతవ్, సైకిలుకు కరోనా ఉంటదా?" అనేదాన్ని. ఆయన ఇంకో చెంబు పోసుకునేవాడు.

చివరికి కబురు చెప్పింది దేవదాస్. మా వైపు మనిషే, ఆల్థాన్‌లో ఒక పెద్ద అపార్టుమెంటుకు వాచ్‌మన్. కింద పార్కింగులో సైకిళ్లు దుమ్ము పట్టి ఉన్నాయని, వచ్చి చూసుకోమని ఫోను చేశాడు. మా ఆయన గోడాదరా నుంచి ఆల్థాన్ దాకా నడిచిపోయాడు. అక్కడ వరసగా గోడకు ఆనించిన సైకిళ్లలో కండె దూర్చుకుంటూ పోతే, మూలనున్న ఒకదానిలో హాయిగా దూరిందట. ముందూ దూరింది, వెనకా దూరింది, బ్రేకు కింద కూడా దూరింది. గేర్లు లేవు. ఉక్కు ఫ్రేమే, కానీ ఒంటిచేత్తో లేస్తోంది.

"ఇది ఎవలది అన్నా?" అని అడిగాడు.

దేవదాస్ కొంచెం వెనక్కి జరిగాడు. "పైన హంసాబెన్ అనే ఆమె కొడుకుది. దానికంటే అటుపక్కది చూడరాదు, మంచిగున్నది."

"అండ్ల కండె పోతలేదు. ఇదే కావాలె. అడిగి చూడు."

దేవదాస్ అడిగాడు. హంసాబెన్ బాల్కనీలోకి వచ్చి, కిందికి చూసి, ఎవరికని అడిగింది. బిడ్డ కాన్పుకు పోవాలని మా ఆయన కిందినుంచి గట్టిగా చెప్పాడు. ఆమె "లై జావ్ భాయ్" అని తీసుకుపొమ్మని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. అప్పుడు చెప్పాడు దేవదాస్, ఆ కొడుకును వారం కిందటే కరోనాతో ఆసుపత్రికి తీసుకుపోయారని, ఇంకా ఊపిరి మిషను మీదే ఉన్నాడని.

మా ఆయన చెయ్యి అప్పటికే ఆ హ్యాండిలు మీద ఉంది. తీశాడు. బయటికి వచ్చి ఎండలో నిలబడ్డాడు. ఆ ఎండలో నిలబడి నాకు ఫోను చేసి ఏడ్చినంత పని చేశాడు. ఆ తల్లి ముఖం నేను చూడలేదు, అయినా నా కళ్లముందు ఆడింది. వదిలేసి రమ్మందామనుకున్నాను. ఆ మాటే అన్నాను కూడా.

"మల్ల గిసొంటి ఫ్రేము దొరకది లతా," అన్నాడు. అని, చేతులకు పాలప్యాకెట్ల కవర్లు తొడుక్కుని, సైకిలును దూరంగా పట్టుకుని గోడాదరా దాకా నడిపించుకొచ్చాడు.

దాన్ని నేను గడప తొక్కనివ్వలేదు. డాబా మీద ఎండలో పడేయించాను. సర్ఫు నీళ్లు, వేడినీళ్లు, పసుపునీళ్లు, నాకు తెలిసిన నీళ్లన్నీ దాని మీద పోశాను. ఎండిన తర్వాత కూడా ఇద్దరం దాని చుట్టూ తిరిగి చూసేవాళ్లమే గానీ ముట్టుకునేవాళ్లం కాదు. తర్వాత మా ఆయన దేవదాస్‌కు మళ్లీ ఫోను చేసి, పార్కింగులోని ఇంకో సైకిలు టైర్లు అడిగి తెచ్చి, దీని సన్న టైర్లు తీసేసి ఎక్కించాడు. కొంచెం వెడల్పువే, పక్కన ఇంకా చోటు మిగిలింది. ఆ చోటు వంక ఆయన అదోలా చూశాడు. అయినా అప్పటికి అలాగే వదిలేశాడు.

మే నెల చివర్లో మొదటిసారి బార్డోలీ పోయాడు. బాలింతకు పెట్టే శొంఠి పొడి కట్టి ఇచ్చాను, మా అత్త పాత నూలుచీర చింపి పొత్తిగుడ్డలు ఇచ్చాను. ఊరంతా నేసేది పాలిస్టరే కదా, పసిపిల్ల ఒంటికి వేసే మెత్తటి నూలుగుడ్డ సూరత్‌లో వెతికినా దొరకదు. పొద్దున బయలుదేరి చేరుకున్నానని ఫోను చేస్తే నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. ఆ సంతోషం కాసేపే. సాయంత్రం రుచిత ఫోను చేసి ఒకటే ఏడుపు.

"బాపు లోపలికి రాలే అమ్మా. రోడ్డుకు అవతలి పక్క నిలబడ్డడు. మూట గేటు కాడ పెట్టి దూరం జరిగిండు. నీళ్లిస్త అంటే తాగలే. నన్ను చూసి భయపడుతున్నడమ్మా."

"నిన్ను చూసి కాదు బిడ్డా. నీకు అంటిస్తనేమో అని."

అలా సర్దిచెప్పాను గానీ, నాకు తెలుసు. మిల్లులో రోజూ వందమంది మధ్య తిరిగే అల్లుడి ఇల్లది. ఆయనకు రెండు భయాలూ ఉన్నాయి. ఆ రాత్రి ఇంటికి వచ్చాక నోటికి ఎంత వస్తే అంత అన్నాను. కడుపుతో ఉన్న పిల్ల చేతి నీళ్లు తాగని తండ్రి ఎందుకు అన్నాను. ఆయన పళ్లెం ముందు తల వంచుకుని కూర్చున్నాడు. తిన్నాడో లేదో కూడా చూడలేదు నేను.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు గట్టు మీద తుమ్మముల్లు దిగి వెనక టైరు పంక్చరయింది. చాలా దూరం నడిపించుకుంటూ వచ్చాడు. తెల్లారి సగం షట్టరు తీసిన సైకిలు దుకాణానికి పోయి, ఆ ఫ్రేములో పట్టగలిగినంత లావు టైర్లు వెతికి మరీ ఎక్కించుకొచ్చాడు. ముందు నేను సంతోషించాను. తర్వాత చూస్తే టైరుకూ చిమటాకూ మధ్య సిగరెట్టు కాగితం పట్టేంత చోటు మాత్రమే ఉంది.

"ఏంది గింత బిగుతు?" అన్నాను.

"మంచిగ తిరుగుతది. చూడు." చక్రం తిప్పి చూపించాడు. ఎక్కడా తగలకుండా గిర్రున తిరిగింది. "సందు లేదు. ఇప్పుడు ఏదీ కదలది." చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో కొంచెం నిమ్మళం కనిపించింది. ఆ నిమ్మళం చూసి నేను ఇంకేమీ అనలేదు. మగ్గానికి ఏది మంచిదో ఆయనకు తెలుసు. మట్టిదారిలో పోయే చక్రానికి పక్కన ఖాళీ చోటు ఎందుకో మా ఇద్దరికీ తెలియదు.

జూన్ మొదట్లో మా గల్లీలో రెండిళ్లలో బయటపడింది. రెండు చివరలా వెదుర్లు కట్టేశారు. బయట బస్సులు ఒకటీ అరా మొదలయ్యాయంటున్నారు గానీ మాకు కాలు బయట పెట్టే వీలు లేదు. తుఫాను వస్తుందని టీవీలో చెబుతున్నారు. రెండు రోజులుగా ముసురు పట్టింది. రుచితకు ఇంకా కొన్ని రోజులు టైముందని లెక్క వేసుకుని కూర్చున్నాం.

తెల్లవారుతుండగా ఫోను మోగింది. రుచిత. మిల్లులో ఒకతనికి వచ్చిందని, అతనితో కలిసి పనిచేసిన వాళ్లందరినీ నిన్న సాయంత్రం క్వారంటైనుకు తీసుకుపోయారని, అందులో శివకృష్ణ కూడా ఉన్నాడని చెప్పింది. నిన్ననే ఎందుకు చెప్పలేదే అంటే, మీరు భయపడుతరని అంది. మాట మధ్యలో ఆగిపోయి మూలిగింది.

"నొప్పులా?"

"నడుము నుంచి వస్తున్నయమ్మా. వచ్చి పోతున్నయి."

పక్కవాళ్లను పిలవమన్నాను. పిలిచిందట. కిటికీలోంచి చూశారే గానీ ఎవరూ తలుపు తీయలేదట. అంబులెన్సుకు ఫోను చేస్తే, ఆ ఇంటికి వేరే బండి పంపాలి, పంపిస్తామన్నారట. ఎప్పుడో చెప్పలేదు. ఒంటరి గదిలో, ఒంటరి పిల్ల. ఇన్ని నెలలుగా ఏది జరగకూడదని మొక్కుకున్నానో అదే జరుగుతోంది.

నేను ఫోను పెట్టేసరికి ఆయన చెప్పులు వేసుకున్నాడు. సైకిలును భుజానికెత్తి వెనకవైపు వెదురు కంచె దాటించాడు. కట్టడి చేసిన గల్లీ నుంచి బయటికి పోవడం తప్పే. నేను తెలిసే పంపాను.

వాన సన్నగా పడుతోంది. నాకు పనేమీ చేతకాలేదు. అటు రుచితతో మాట్లాడటం, ఇటు ఆయనకు ఫోను కలపడం. నల్లరేగడి నేల ఆ వైపంతా. ఎండాకాలంలో రాయిలా ఉండే గట్టు ముసురుకు జిగటైపోయింది. ఆ జిగట లావు టైరుకు అంటుకుని పైకి వెళ్లి చిమటాలో కూరుకుపోయింది. బయటికి రాలడానికి చోటు లేదు. చక్రం ఆగిపోయింది.

"తిరుగుతలేదు లతా. చక్రం తిరుగుతలేదు." అని ఫోను చేశాడు.

"మట్టి తీసెయ్."

"తీస్తున్న. రెండడుగులు పోంగనే మల్ల పడుతున్నది. సందు లేదు."

ఆ మాట విన్నాక నాకు కోపం రావాలి. రాలేదు. ఏడుపొచ్చింది. వెతికి వెతికి తెచ్చిన చోటును తనే పూడ్చేశాడు, నేను పక్కన నిలబడి చూశాను. పుల్లతో గీకాడు, చెరకాకుతో తుడిచాడు, తర్వాత సైకిలును భుజాన వేసుకుని నడిచాడు. దగ్గు ఆగడం లేదు. ఇటు ఫోను కలిపినప్పుడల్లా రుచిత మూలుగులు దగ్గర దగ్గరగా వస్తున్నాయి. ఇద్దరికీ ధైర్యం చెబుతున్నాను.

"హైవే ఎక్కు," అన్నాను చివరికి.

"పోలీసులు ఉంటరు."

"ఉండనియ్. డాంబరు రోడ్డు మీదనైతే చక్రం తిరుగుతది. ఎక్కు."

ఎక్కుతున్న అన్నాడు. ఫోను పెట్టేసి జేబులో వేసుకున్నాడు. చక్రాలను రోడ్డు పక్క నీళ్లగుంటలో కడుక్కుని తొక్కసాగాడు. చెక్‌పోస్టు దగ్గర ఆపారు. ఆధార్ అడిగారు. ఎక్కడి నుంచి అని గద్దించారు. గోడాదరా అని చెప్పబోయాడు, దగ్గు తెర వచ్చింది. మోకాళ్ల దాకా బురద, ఒళ్లంతా తడి, వంగిపోయి దగ్గుతున్నాడు. కాస్త ఆగాక, బిడ్డకు నొప్పులొస్తున్నాయి, ఒక్కతే ఉంది సాబ్ అన్నాడు. కానిస్టేబులు వెనక్కి వెనక్కి జరిగి, దూరం నుంచే కర్రతో తాడు పైకెత్తి, జా జా అన్నాడట. ఇన్నాళ్లూ లోకాన్ని చూసి భయపడిన మనిషి తనను చూసి ఇంకొకరు భయపడటం ఆ రోజే చూశాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆయన ఇప్పటికీ నవ్వడు.

బార్డోలీ చేరేసరికి వాన కాస్త తెరిపిచ్చింది. అప్పటికి నేను రుచిత ఫోనులో ఉన్నాను. బయట సైకిలు కిందపడిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆయన గొంతు, "బిడ్డా".

"రాకు బాపు." రుచిత గొంతు నాకు చెవిలోనే ఉంది. "ఆడనే ఉండు. నాకు నిన్నటి సంది జరమున్నది. లోపలికి రాకు. నీ ఛాతీ మంచిగ లేదు."

జ్వరం సంగతి నాకూ చెప్పలేదు. పో, లోపలికి పో అని అరవాలని ఉంది. ఆగు, వద్దు అని కూడా అరవాలని ఉంది. ఆయనకు అంటుకుంటే ఆ ఊపిరితిత్తులు తట్టుకోవు. పోకపోతే పిల్ల ఒక్కతే. నాకు ఇద్దరూ కావాలి, ఎవరిని వదులుకోమంటారు? నోరున్నదాన్ని, ఆ ఒక్కసారీ నాకు నోరు పెగల్లేదు.

రోడ్డుకు అవతల నిలబడ్డాడేమో మళ్లీ, అనుకున్నాను. అంతలో తలుపు తోసిన చప్పుడైంది.

"అమ్మా," అంది రుచిత. "లోపలికొచ్చిండు." అని, నొప్పి కాదు, ఏడుపు వచ్చింది దానికి.

అటు ఫోనును దిమ్మ మీద పెట్టి స్పీకరు వేశారు, ఇటు నేనూ వేశాను. ఏం చెయ్యాలో చెప్పు అన్నాడు. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోమన్నాను. దాన్ని పక్కకు తిప్పి నడుము రుద్దమన్నాను. సిగ్గుపడకు, అది నీ బిడ్డ, నువ్వు ఎత్తుకొని తిరిగిన పిల్ల అన్నాను. మధ్యలో ఆయన చేతులు వణుకుతున్నాయన్నాడు. వణకనీ, తీయకు అన్నాను. తల కనిపిస్తున్నదన్నాడు. లాగకు, పట్టుకో అంతే అన్నాను. రుచిత అరిచిన అరుపు మా గల్లీ అంతా వినిపించి ఉంటుంది. ఎదురింటి ఎల్లవ్వ తన తలుపు తీసి మా గడప దగ్గరికి వచ్చి నిలబడింది. నేను ఫోను ముందు మోకాళ్ల మీద ఉన్నాను.

పిల్ల ఏడ్చింది.

బొడ్డు ముట్టుకోవద్దని, పిల్లను తల్లి రొమ్ము మీద పెట్టి ఇద్దరినీ కప్పమని, బండి వచ్చేదాకా పక్కనుంచి కదలొద్దని చెప్పాను. కదలలేదు. ఆడపిల్ల అని కూడా నాకు రుచితే చెప్పింది. నీళ్లు కావాలని రుచిత అడిగితే తాగించాడు. మిగిలిన నీళ్లు ఆ గ్లాసులోనే ఆయన తాగాడని అది తర్వాత చెప్పింది.

మధ్యాహ్నానికి బండి వచ్చింది. నిలువెల్లా కప్పుకున్న మనుషులు దిగి గుమ్మం బయట నిలబడ్డారు. రుచితను, పిల్లను స్ట్రెచరు మీద ఎక్కించారు. లోపల ఇంకెవరున్నారు, వీళ్లను ముట్టుకున్నది ఎవరు అని హిందీలో గట్టిగా అడిగారు, ముట్టుకున్న వాళ్లందరూ రావాలి అన్నారు. కిటికీల్లోంచి జవాబులు వస్తున్నాయి. మేము కాదు, మేము తలుపే తీయలేదు, మాకేం సంబంధం లేదు. ఆ గొడవలో ఎవరూ ఆయన వైపు చూడలేదట. రోడ్డు మీద సైకిలు పడి ఉంది. దాన్ని లేపుకుని వచ్చిన దారినే పోతే అడిగేవాడు లేడు.

"నేను ముట్టుకున్న," అన్నాడు మా ఆయన. తెలుగులో అనేశానని గుర్తొచ్చిందేమో, మళ్లీ హిందీలో అన్నాడు. "మైనే ఛువా సాబ్. దోనోంకో."

ఇద్దరినీ. ఎక్కమన్నారు. బండి తలుపు పడటం రుచిత చేతిలోని ఫోనులో నాకు వినిపించింది.